కారం చెయ్యి

అందమైన ఫొటోలంటే నాకు మొదట్నుంచీ గిట్టదు. పెళ్లి ఆల్బమ్‌లో మొటిమలూ మచ్చలూ చెరిపేసిన మొహం చూస్తే, ఆ మనిషినే చెరిపేసినట్టు అనిపిస్తుంది. అలాంటి నా గదిలోకి, కంటి ఫొటోలను అందంగా చేసి పెడతానంటూ జ్యోతిర్మయి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది.

గుంటూరులో మాదొక ట్రస్టు ఆసుపత్రి. నేను అక్కడ కంటి డాక్టర్ని. పేరు సుబ్బరావమ్మ. పేరు విని ముసలావిడ అనుకుంటూ లోపలికొచ్చిన పేషెంట్లు, నా మొహం చూసి తమ అంచనా తప్పలేదని కుదుటపడతారు. జ్యోతిర్మయి ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేస్తోంది. కంటిలోకి వెలుగు పంపి, లోపలి పొరలను అడ్డంగా కోసినట్టు బొమ్మ తీసే మెషీన్ ఒకటి మా దగ్గరుంది. పాతది, దాంతోనే నెట్టుకొస్తున్నాం. అది తీసే ప్రతి బొమ్మ మీదా ఇసక చల్లినట్టు చుక్కలు పడతాయి. ఆ చుక్కలను జ్యోతిర్మయి వాళ్ల భాషలో నాయిస్ అంటారట. శబ్దమే లేనిచోట నాయిస్ ఏమిటని నేను ఎగతాళి చేస్తే, ఆ పిల్ల ఓపిగ్గా, అక్కర్లేనిదేదైనా నాయిసే మేడమ్ అని చెప్పింది. ఆ చుక్కలను తుడిచేసే ప్రోగ్రాం రాయడం తన పని.

రాసింది కూడా. ఇటు గరుకు బొమ్మ పెడితే అటు కడిగిన పళ్లెంలాంటి బొమ్మ వచ్చేది. నల్లగుడ్డు పైపొర వంపు, కంటిపాప అంచు, వాటి మధ్య నీళ్లుండే నల్లటి ఖాళీ, అన్నీ పెన్సిల్‌తో గీసినట్టు ఉండేవి. ట్రస్టు పెద్దలు మురిసిపోయారు. దర్శిలో పెట్టబోయే కంటి శిబిరానికి మెషీన్ తీసుకెళ్లి, డాక్టరు లేకపోయినా ఆ బొమ్మలు చూసి ఎవరిని గుంటూరు పంపాలో తేల్చేయొచ్చని నిర్ణయించారు. డాక్టరు లేకపోయినా అన్న మాట నా ఎదుటే అన్నారు. ఆ రోజు నేను మధ్యాహ్నం అన్నం సరిగ్గా తినలేదు.

అయినా పిల్ల మంచిది. మిరపకాయల సీజనంతా నా గదిలో మూల బల్ల దగ్గర కూర్చుని పనిచేసుకునేది. స్క్రీన్ వెలుతురు మాత్రం బాగా తగ్గించి పెట్టుకునేది. "అంత చీకట్లో ఏం కనబడుతుందే నీకు?" అని అడిగితే, "వెలుగు గుచ్చుకుంటుంది మేడమ్" అనేది. ఈ కాలం పిల్లల సుకుమారం అనుకుని ఊరుకున్నాను.

మార్చి నెలలో ఒక పొద్దున వాళ్ల అమ్మానాన్నలను వెంటబెట్టుకొచ్చింది. వాళ్లది అద్దంకి దగ్గర పల్లె, మిర్చి వేస్తారు. తండ్రి పానకాలుకి ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న ఒక్క కుడి కన్నూ ఇప్పుడు ఎర్రబడింది. తల్లి వెంకటరావమ్మ లోపలికొచ్చి తలుపు పక్కనే నిలబడిపోయింది. రెండు చేతులూ కొంగులో చుట్టి పెట్టుకుంది.

"ఏం లేదు డాక్టరుగారూ, కారం ఘాటు" అన్నాడు పానకాలు. "కల్లంలో కాయ ఎండబోశాం. మబ్బు పట్టుద్దేమోనని దాని మధ్యనే తిరగతా ఉన్నా. మా అమ్మాయి ఒకటే గోల, వచ్చి చూపించుకోమని."

ఆయన మాటలో వింతేమీ లేదు. మా వైపు సీజన్ వచ్చిందంటే ఊళ్లన్నీ ఎర్రకళ్లతోనే తిరుగుతాయి. కాయ కోసేవాళ్లు, తొడిమలు తీసేవాళ్లు, బస్తాలు ఎత్తేవాళ్లు, ఆ బస్తాల లారీ వెనక బండి మీద వెళ్లేవాళ్లు, అందరివీ ఒకటే కళ్లు. మేలో చెమట పట్టిందని ఎవరినైనా ఎందుకని అడుగుతామా? మార్చిలో ఎర్రకన్నూ అంతే. చల్లనీళ్లతో కడుక్కోమని చెప్పి పంపేస్తాం. నేనూ ఎందరికో అలాగే చెప్పాను.

"ఎడమది ఎలా పోయింది?" అని అడిగాను.

పానకాలు నవ్వి, గడ్డంతో భార్య వైపు చూపించాడు. "అదుగో, ఆవిణ్ణడగండి. మా ఇంటిదాని కారం చెయ్యి తగిలిందండీ. అమ్మాయి ఇంకా పుట్టలా. కంట్లో నలుసు పడితే తియ్యవే అన్నా. అప్పటిదాకా తొడిమలు తీసిన చెయ్యి. మజ్జిగతో కడుక్కునే వచ్చింది పాపం. ఆ రోజు ఎర్రబడ్డ కన్ను, ఇక రావడం పోవడం, రావడం పోవడం. చివరికి తెర పడిపోయింది. అప్పట్నుంచి మా ఊళ్లో ఎవరి కంట్లో నలుసు పడ్డా, ఈవిడ ఎదురొస్తే పక్క సందులోకి తప్పుకుంటారు."

చాలాసార్లు చెప్పి చెప్పి నునుపు చేసుకున్న కథ అది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వాలో ఆయనకు బాగా తెలుసు. జ్యోతిర్మయి కూడా అలవాటుగా చిన్నగా నవ్వింది. వెంకటరావమ్మ నేల వైపు చూస్తూ ఉండిపోయింది. కొంగులో చేతులు ఇంకాస్త లోపలికి పోయాయి.

ఈలోగా కూతురు తండ్రిని మెషీన్ ముందు కూర్చోబెట్టి బొమ్మలు తీసింది. తర్వాత నేను ఆయన గడ్డాన్ని నా మైక్రోస్కోపు ముందు ఆనించి, గదిలో లైటార్పించి, సన్నటి వెలుగు పట్టీ వేసి చూశాను. ముందు పోయిన కన్ను. పైపొర అద్దంలా ఉంది, కాలిన గుర్తేమీ లేదు. లోపల మాత్రం కంటిపాప అంచు చుట్టూతా వెనకున్న లెన్సుకి అతుక్కుపోయి, తలుపు మూసినట్టు మూసుకుపోయింది. తర్వాత కుడి కన్ను. సినిమా హాల్లో ప్రొజెక్టరు వెలుగులో దుమ్ము తేలుతుంది చూశారా, కంటి నీళ్లలో అలా తెల్లటి కణాలు తేలుతున్నాయి.

"కారం కాదిది. కన్ను లోపల వాచింది. యువియైటిస్ అంటారు" అన్నాను.

మూల నుంచి జ్యోతిర్మయి గొంతు, "మేడమ్, బొమ్మలో ఏమీ లేదే" అంది.

వెళ్లి చూశాను. నిజంగానే ఏమీ లేదు. నీళ్లుండే చోటు మచ్చ లేకుండా నల్లగా, దీపం లేని గదిలా ఉంది. అంత ముచ్చటైన బొమ్మను ఆ మెషీన్ నుంచి నేనెప్పుడూ చూడలేదు.

"చూశారా మరి" అంటూ పానకాలు లేచాడు. "మా అమ్మాయి మెషీనే చెప్పాక ఇంకేంటండీ. రెండు చుక్కలు చల్లటి మందు ఇప్పించండి. కల్లంలో కాయుంది, పోతాం."

"కూర్చోండి" అన్నాను. "ఇప్పుడు లేచి వెళ్తే మీకున్న ఒక్క కన్నూ ఎడమదాని దారే పడుతుంది. అప్పుడు కాయ ఎర్రగా ఉందో, తెల్లబడి తాలు పోయిందో పక్కవాణ్ణి అడిగి తెలుసుకోవాలి."

నేను అలా మాట్లాడకూడదని మావాళ్లు చాలాసార్లు చెప్పారు. కానీ ఆయన కూర్చున్నాడు. జ్యోతిర్మయి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "మేడమ్, వాపుకి ఇచ్చేది స్టెరాయిడ్ చుక్కలు కదా. అవసరం లేకుండా వేస్తే నాన్నకున్న ఆ ఒక్క కన్నుకీ ఏమన్నా అవుతుందేమోనని. మీరు ఇంకోసారి..." అని ఆగింది.

"నా కళ్లకి శుక్లాలు వచ్చాయంటావా?"

"ఆ మాట అనలేదు మేడమ్."

"నోటితో అనలేదులే."

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. తన ప్రోగ్రాం ఓడిపోతుందని కాదు. తండ్రి కన్ను విషయంలో నన్ను నమ్మాలో, ఆ బొమ్మను నమ్మాలో తెలియక. అది చూసి నా కోపం కొంచెం దిగింది. "సరే, తుడవకముందు బొమ్మ చూపించు" అన్నాను.

చూపించింది. నిండా ఇసకే. "ఇదంతా నాయిసే కదా మేడమ్" అంది. నేను కళ్లజోడు పైకి తోసి, స్క్రీన్‌కి ముక్కు ఆనేంత దగ్గరికెళ్లి చూశాను. కంటి బయట, వట్టి గాలి ఉండే చోట కూడా చుక్కలున్నాయి. అవి పిండిలా సన్నగా, ఒకే తీరున ఉన్నాయి. నీళ్ల భాగంలో కూడా ఆ పిండి ఉంది. దాని మధ్యలో మాత్రం అక్కడక్కడా కొన్ని ఉప్పురాళ్లు ఉన్నాయి. "వీటిని పెద్దవి చెయ్యి" అన్నాను. చేసింది. తుడిచిన బొమ్మను పక్కనే తెచ్చి పెట్టుకుని, దీన్నీ దాన్నీ మార్చి మార్చి చూసింది. పిండితోపాటు ఉప్పురాళ్లను కూడా ప్రోగ్రాం ఊడ్చేసింది.

"ఇవెందుకు తీసేసింది?" అని తనలో తను అనుకుంది.

"ఏది చెత్తో దానికి ఎవరు నేర్పారు?" అని అడిగాను.

"నేనే. ఆరోగ్యంగా ఉన్న కన్ను బొమ్మలు చూపించి, ఈ నీళ్ల భాగం నల్లగా ఉండాలి, ఇక్కడ ఏ చుక్క కనబడ్డా మెషీన్ చెత్తేనని నేర్పాను."

"ఎవరి కన్ను?"

"నాదే మేడమ్. మా ల్యాబుల్లో చాలామంది అంతే చేస్తారు. మొదటి బొమ్మలు సొంత కంటివే. ఒకే కన్ను లెక్కలేనన్నిసార్లు తియ్యాలి, పేషెంట్లను అన్నిసార్లు కూర్చోబెట్టలేం. మన కన్నయితే ఎప్పుడంటే అప్పుడు చేతిలో ఉంటుంది కదా."

అప్పుడు ఆ పిల్ల కళ్లలోకి చూశాను. ఎర్రగా ఉన్నాయి. సీజనంతా ఎర్రగానే ఉన్నాయి, నా ఎదురుగానే. వెలుగు గుచ్చుకుంటుందని కూడా చెప్పింది. ఇంకెవరైనా పేషెంటు వచ్చి ఆ రెండు ముక్కలూ చెప్పి ఉంటే చెయ్యి పట్టుకుని మైక్రోస్కోపు ముందు కూలేసేదాన్ని. మిర్చి ఇంటి పిల్ల, మార్చి నెల. నేనూ తుడిచేశాను. నా మీద నాకు ఒళ్లు మండింది.

"ఇలా వచ్చి కూర్చో."

"నాకెందుకు మేడమ్, ముందు నాన్న సంగతి..."

"కూర్చోమన్నానా."

కూర్చుంది. తండ్రికున్నంత లేవు గానీ, ఉన్నాయి. అవే తెల్లటి కణాలు, తాపీగా తేలుతూ. ఒకవైపు కంటిపాప అంచు అప్పుడే లెన్సుని పట్టుకోవడం మొదలుపెట్టింది. ఇంకొన్ని సీజన్లు ఇలాగే పోతే ఏమయ్యేదో, పక్క కుర్చీలో కూర్చున్న మనిషి ఎడమ కంటిలో చూశాను.

"పొద్దున లేవగానే నడుం పట్టేస్తుందా నీకు?"

"అవును మేడమ్. కాసేపు తిరిగితే పోతుంది. కుర్చీ బాలేదని..."

"నాకూ అంతేనండీ" అన్నాడు పానకాలు హుషారుగా. "బస్తాలు మోసిన నడుం కదా."

"మీ అమ్మాయి ఏం బస్తాలు మోసింది?"

అప్పుడు ముగ్గురికీ కలిపి చెప్పాను. కొన్ని కుటుంబాల రక్తంలోనే ఇది ఉంటుంది. రోగాలను ఆపడానికి ఒంట్లో ఉన్న కాపలా బలం దారి తప్పి, సొంత కంటి మీదికీ నడుం మీదికీ వస్తుంది. రక్తపరీక్ష చేయిస్తే ఇంకా గట్టిగా తెలుస్తుంది. వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడల్లా మందు పడితే చూపు నిలుస్తుంది, పడకపోతే ఎడమ కన్నులా అవుతుంది. కుడి కన్నుకి ఇంకా ఆలస్యం కాలేదు. అమ్మాయికి అసలే కాలేదు.

ఇద్దరికీ కంటిపాప పెద్దది చేసే చుక్కలు నేనే వేశాను, అతుకులు విడిపోవాలని. అవి పడ్డాక దగ్గరివన్నీ మసకబారతాయి. ఆ మసకలోనే జ్యోతిర్మయి ఫోన్‌ని దూరంగా పట్టుకుని, ట్రస్టు ఆఫీసుకి చేసింది. దర్శికి తన ప్రోగ్రాం ఇప్పుడు వద్దని, మళ్లీ మొదటినుంచి నేర్పాలని, ఈసారి డాక్టరు చూసి బాగుందన్న కళ్లతోనే నేర్పాలని చెప్పింది. "తప్పెక్కడ జరిగింది?" అని అవతల అడిగినట్టున్నారు. "నా కంట్లో సార్" అంది. డాక్టరు లేకపోయినా అన్న పెద్దమనిషి అదే ఆఫీసులో ఉంటాడు. ఒక చురక వెయ్యాలని వచ్చిన మాటను మింగేశాను. ఫోన్ పెట్టేసి ఆ పిల్ల, "జబ్బుని చూపించి ఇదే ఆరోగ్యం అని నేర్పాను మేడమ్. అక్కడ ఎంతమందిని ఏమీ లేదని ఇంటికి పంపేదో" అంది. మా ప్రాంతమంతా ఎర్రకంటికి అదే పాఠం నేర్చుకుని కూర్చుంది. అది పుస్తకాలు చదివిన నాకే అంటుకున్నప్పుడు, పాపం ఆ ప్రోగ్రాం ఎంత?

ఇక వాపు తగ్గే చుక్కలు మిగిలాయి. మొదట్లో గంటగంటకీ వెయ్యాలి. సీసా బాగా ఊపి, కింది రెప్ప లాగి, సరిగ్గా లోపలే పడేట్టు. పానకాలు చేతులు వణుకుతాయి, కూతురికి కళ్లు మసక. నేను సీసా తీసుకెళ్లి వెంకటరావమ్మ ముందు పెట్టాను. "మీరే వెయ్యాలమ్మా. ఎలాగో ఇప్పుడు చూపిస్తాను."

ఆవిడ ఒకడుగు వెనక్కి వేసింది. వెనక తలుపే ఉంది. "నేను వెయ్యనండీ. నర్సమ్మ చేత వేయించండి."

"నర్సు మీ ఊరొస్తుందా?"

"పక్కింటోళ్లని బతిమాలుకుంటా. నా చెయ్యి మంచిది కాదండీ."

కారం పైన కాలుస్తుంది గానీ లోపలికి పోయి కంటిపాపను అతికించదని, ఆ ఎడమ కంటి పైపొర ఇప్పటికీ అద్దంలా ఉందని, నలుసు తీసిన రోజుకే ఆ జబ్బు మొదలై ఉంటుందని, నలుసని ఆయన అనుకున్నది కూడా బహుశా ఆ జబ్బేనని చెప్పాను. ఆవిడ తలూపుతూ అంతా విన్నది. డాక్టరు మాటకి ఎదురు చెప్పకూడదు కాబట్టి ఊపే తల అది, నాకు తెలుసు. "మీరు మంచోళ్లు కాబట్టి అలా చెబుతున్నారు" అంది. నన్ను మంచిదాన్ని అన్నవాళ్లు ఈమధ్య ఎవరూ లేరు.

విసుగొచ్చి మళ్లీ మొదలుపెట్టబోయాను. ఆవిడ నన్ను చూడటం లేదు. కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలిన కూతుర్ని చూస్తోంది.

"దీనికీ అదేనంటారా?" అంది.

"అదే."

"ఈయనకొచ్చిందే?"

"అదేనమ్మా, వేరే కాదు."

వెంకటరావమ్మ భర్త వైపు తిరిగింది. "నేను దీనికి కాటుక కూడా పెట్టలేదండీ" అంది. "పుట్టినప్పట్నుంచీ. పురిట్లో కూడా మా అత్తగారే పెట్టింది. కంట్లో దుమ్ము పడి ఏడిస్తే పక్కింటికి పంపానే గానీ నేను ముట్టుకోలా. జొరమొస్తే నుదురు మీద చెయ్యేశా, అంతకంటే కిందికి రానివ్వలా. నా చెయ్యి దీని కంటి మీద ఏనాడూ పడలేదు."

నా చదువంతా చెప్పలేకపోయినదాన్ని ఆ ఒక్క మాట చెప్పింది. జ్యోతిర్మయి కళ్లు తెరిచింది. ఇన్నేళ్లూ తల్లి తనకు కాటుక పెట్టకపోవడం ఏదో తీరిక లేకనో, ఇష్టం లేకనో అనుకుందట, తర్వాత నాతో చెప్పింది.

వెంకటరావమ్మ పెదాలు వంకర తిరిగాయి. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. వెంటనే కొంగులోంచి చెయ్యి తీసి నోటికి అడ్డం పెట్టుకుని, "పిల్లకి జబ్బని చెబుతుంటే నాకు నవ్వొస్తందేందమ్మా" అని, అప్పుడు ఏడ్చింది.

పానకాలు తన మోకాళ్లను చూసుకున్నాడు. "నవ్వులాటకే అనేవాణ్ణే" అన్నాడు.

"తెలుసు. అందరూ నవ్వేవాళ్లుగా."

ఇంకో మగాడైతే గొంతు పెంచి కప్పిపుచ్చుకునేవాడు. ఈయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని, తల వెనక్కి వాల్చి, మొహం పైకెత్తి కూర్చున్నాడు. "రా. వెయ్యి" అన్నాడు.

వెంకటరావమ్మ సింకు దగ్గరికెళ్లింది. సబ్బుతో రుద్దింది, కడిగింది, మళ్లీ రుద్దింది. వేళ్ల సందులు, గోళ్ల మొదళ్లు, మణికట్టు దాకా. చాలమ్మా అని రెండుసార్లు అనబోయి మానేశాను. తడి ఆరాక వచ్చి, నేను చూపించినట్టే సీసా ఊపి, భర్త మీదికి వంగింది. వేలు కింది రెప్ప దాకా వెళ్లి ఆగింది. ఆయన ఆ వేలిని చూస్తున్నాడు, ఉన్న ఒక్క కంటితో. రెప్ప వాల్చలేదు. మొదటి చుక్క చెంప మీద పడింది. రెండోది లోపల పడింది.

ఆవిడ చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది. "మండిందా?" అంది. అంత భయంగా ఎవరైనా ఏదైనా అడగడం నా ఉద్యోగంలో నేను వినలేదు.

ఆ మందు ఎవరికైనా పడిన క్షణం కాస్త మండుతుంది. ముందే చెప్పి వేస్తాం. ఇవాళ చెప్పడం మరిచిపోయాను.

"లేదే" అన్నాడు పానకాలు. కంటి చివర నుంచి నీళ్లు కారి చెవిలోకి పోతున్నాయి. "చల్లగా ఉంది."

నేను నోరు మూసుకున్నాను. వెంకటరావమ్మ సీసా మళ్లీ ఊపుకుంటూ కూతురి కుర్చీ వైపు వెళ్లింది.